పడవ ఇంజను బోల్టు

"ఇంకా ఊడలేదా?"

భార్య జమీలాబీ గొంతు వాకిట్లోంచి షెడ్డులోకి దూసుకొచ్చింది. ముస్తఫా స్పానరుకు ఇనుప పైపు తొడిగి, కాలు బల్లకు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు. స్పానరు జారింది. వేళ్ళు పోయి ఇంజనుకు కొట్టుకున్నాయి.

"యా అల్లా!"

"అల్లా ఏం చేస్తాడయ్యా? కువైట్ వీసా వచ్చి ఇంట్లో కూచుండాది. నువ్వేమో ఆ ఇనుముతో కుస్తీ పడతాండావు. ఊరంతా నవ్వుతాండారు."

నవ్వరా మరి! బోరు వేస్తే దుమ్ము లేచే హిందూపురంలో పడవ ఇంజను ముందేసుకుని కూర్చున్న మెకానిక్కును చూసి నవ్వక ఏడుస్తారా? పెనుకొండ దగ్గర చెరువులో చేపలు పెంచే గంగాధరప్ప నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున చవగ్గా దొరికిందని ఆ పాత ఇంజను కొనుక్కొచ్చాడు. విప్పి బాగుచేసి ఇమ్మన్నాడు. వీసా సంగతి తేలకముందు ముస్తఫా ఒప్పుకున్న పని అది. బోల్టులన్నీ ఊడాయి. అడుగున గేరు పెట్టెను పట్టుకున్నది ఒక్కటే మొండికేసింది.

అది ఊడి, ఇంజను మళ్ళీ బిగిస్తే గానీ ముస్తఫా ఊరు కదలడు. విప్పిన ఇంజను బల్ల మీద వదిలి పొలిమేర దాటకూడదని వాళ్ళ నాయన పెట్టిన కట్టడి. ఆ మహానుభావుడు ఇదే కారణంతో సొంత తమ్ముడి పెళ్ళి కూడా ఎగ్గొట్టాడు.

మొదట్లో జమీలాబీ కూడా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"అంత మొండిదా ఇది?"

"సముద్రం నీళ్ళు తాగిన ఇంజను జమీలా! బోల్టుకు ఉప్పు కంటే పగోడు లేడు. మరల్లోకి దిగి తుప్పు పట్టించి అతికిచ్చేస్తాది."

"అయితే గట్టిగా కొట్టు."

"పెట్టె అల్యూమినియంది. గట్టిగా కొడితే పగులుతాది. కిరసనాయిలు పోసి నానబెట్టల్ల, అంతే."

"పోసేది నాకొదిలెయ్. పొద్దుగూకి నువ్వు నమాజుకు పోయినప్పుడు నేను పోస్తా. నువ్వు మర్చిపోతావు."

పోసింది కూడా. రోజూ పోసింది. అయినా పొద్దున లేచి చూస్తే బోల్టు చుట్టూ తెల్లగా పొడి పేరుకుని ఉండేది. ముస్తఫా దాన్ని గుడ్డతో తుడిచి తలకొట్టుకునేవాడు.

"యాడో నెల్లూరు సముద్రం, ఈడికొచ్చి గూడా ఉప్పు కక్కుతాండాది చూడు!"

అన్నం దగ్గర ఇంకో తంటా.

"పప్పులో ఉప్పేదే?"

"నీ పయనం ధ్యాసలో మర్చిపోతి. తిను."

"నిన్న గూడా ఇట్లే చప్పగా ఉండె."

"కువైట్‌లో నీకు రుచిగా వండిపెట్టేదెవురు? ఇప్పుడే అలవాటు చేసుకో!"

ఆమె తొందర చూస్తే ముస్తఫాకు లోలోపల చివుక్కుమనేది. మొగుడు దూరమైపోతాడన్న బాధ ఇంతైనా లేదే ఈమెకు! ఎప్పుడు చూసినా చెల్లెలు షాహిస్తా మాటే.

"దాని మొగుడు కువైట్ పోయొచ్చినాంక మిద్దె లేపినారు. ఏమైతేనేం, ఆ బిడ్డ మాత్రం నాయన్ను చూసి 'ఎవురమ్మా ఈ మామ?' అనిందంట!" అని చెప్పి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

వీసా గడువు దగ్గరపడింది. ఏజెంటు సలాం షెడ్డు ముందు బండి ఆపాడు.

"ముస్తఫా, రేప్పొద్దున ధర్మవరంలో రైలు. వస్తాండావా, లేదా?"

"ఒక్క బోల్టు సలామన్నా! ఈ పొద్దు ఊడిపోతాది."

"ఇంకెవురికన్నా ఇచ్చేసి రాప్పా!"

"నేను విప్పింది ఇంకొకరి బల్ల మీదికి ఎట్ల పంపిచ్చేది?"

ముస్తఫా బ్లోలాంపు వెలిగించి పెట్టెను వేడిచేశాడు. బోల్టు తల మీద చన్నీళ్ళు చల్లాడు. పైపు పట్టుకుని వేలాడినంత పని చేశాడు. బోల్టు కిర్రుమంది. గుమ్మంలో నిలబడిన జమీలాబీ పైట కొంగు గట్టిగా పట్టుకుంది. ముస్తఫా బిస్మిల్లా అని మళ్ళీ లాగాడు. పైపు వంగింది, బోల్టు వంగలేదు.

సలాం గడియారం చూసుకున్నాడు.

"నీ బదులు యూనస్‌ను పంపిస్తాలే. వాడు కాచుకోనుండాడు."

బండి వెళ్ళిపోయింది. జమీలాబీ ఒక్కసారిగా గొంతెత్తింది.

"పాయె! అంతా పాయె! ఒక బోల్టు ఊడబెరకలేనోనికి కువైట్ ఎందుకు, దుబాయ్ ఎందుకు!"

కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడటం ముస్తఫాకు కనిపించింది. ఆ రోజంతా ఆమె మొహం చూడలేకపోయాడు. ఇంతమందిలో ఇంత చేతగానివాణ్ణి కట్టుకుందే అని తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు సలాం మనుషులు ఎక్కిన రైలు ధర్మవరం దాటిపోయింది. మధ్యాహ్నం ముస్తఫా తలొంచుకుని కంచం ముందు కూర్చున్నాడు. సంగటి ముద్ద పప్పులో అద్ది నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఈ పొద్దు ఉప్పు సరిగ్గా పడిందే!"

జమీలాబీ ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

"ఇంక బోల్టుకు పోసే పని లేదు గదా."