రెండో తుమ్ము

వాగు ఒడ్డున మోపానె చెట్టు కింద ఒంటరి అడవికుక్క లేచి, ఒళ్లు విరుచుకుని తుమ్మింది. చుట్టూ చూసింది.

"మళ్లీ అడుగుతోంది మామా," అంది గైడు కెలెబోన్యె, జీపు ఆపుతూ.

వేటకు పోదామా అని ఒకటి తుమ్మితే, సరేనంటూ మిగతావీ తుమ్మాలి. అప్పుడే మంద కదులుతుంది. పోయిన నెల దాకా పదకొండు ఉండేవి. ఏదో దగ్గు జబ్బు పదింటిని ఊడ్చేసింది.

"తిని ఎన్నాళ్లయిందో?"

"డొక్కలు కనబడట్లా? నాలుగు రోజులు," అన్నాడు జాడలు పట్టే గబాకే, బానెట్ మీది సీటులోంచి తల తిప్పకుండా.

కుక్క మళ్లీ తుమ్మింది. ఈసారి గబాకే కూడా గట్టిగా తుమ్మాడు.

"అదేంటి మామా! జంతువుల్ని పిలవకూడదని నాకు నేర్పింది నువ్వే కదా!"

కుక్క చెవులు నిక్కబొడుచుకుని నాలుగడుగులు వేసింది. వాసన చూసి, వెనక్కి పోయి పడుకుంది.

"మా దొడ్డి కుక్క పాము కరిచి చచ్చిందన్నా కదే," అన్నాడు గబాకే. "కరవలేదు. దగ్గి దగ్గి చచ్చింది. తెచ్చి ఈ వాగులోనే పారేశా."

కెలెబోన్యె వాగు వైపు చూసింది.

పడుకున్న చోటే కుక్క ఇంకోసారి తుమ్మింది. చుట్టూ చూడలేదు.