నైరుతి మూల మిరప

"పూతకొచ్చిన చేలో పలుగు దించుతారా ఎవరైనా?" యలమంద, కూలి సిలార్ చేతిలోని పలుగు పట్టుకుని ఆపాడు.

యలమంద వదిన కోటేశ్వరి గట్టు మీద నుంచి కదల్లేదు. రెండేళ్ల కిందట ఇదే చేనికి నీళ్లు పెట్టడానికొచ్చిన ఆమె మొగుడు లక్ష్మీకాంత్ మళ్లీ ఇంటికి రాలేదు. మార్టూరు క్వారీల్లో పనికి పోయి ఉంటాడని ఊరందరికీ చెప్పింది తమ్ముడు యలమందే.

ఈ ఏడు ఆమె భాస్వరముండే డీఏపీ మానేసి, చేనంతా అమ్మోనియం సల్ఫేట్ వేయించింది. నాలుగెకరాల మిరప మోకాలెత్తు దాటలేదు. నైరుతి మూల మాత్రం మంచమంత చోట నడుమెత్తు పెరిగింది. ఆకు నల్లగా నిగనిగలాడింది. గాలి లేనప్పుడు కూడా అక్కడ ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉండేది. నెల రోజులుగా యలమంద ఆ వైపు వెళ్లడమే మానేశాడు.

ఎరువు అంతటా ఒకటే వేశాం, అక్కడే ఎందుకిలా అని కోటేశ్వరి ఇప్పుడు పక్కనే నిలబడ్డ వ్యవసాయ సహాయకురాలు అఖిలను అడిగింది. నల్లరేగడిలో సున్నం భాస్వరాన్ని మొక్కకు అందకుండా బిగించేస్తుందని, అమ్మోనియం వేస్తే వేళ్ల దగ్గర నేల కాస్త పులుపెక్కి ఆ భాస్వరం వదులవుతుందని అఖిల చెప్పింది.

"అక్కడ అడుగున భాస్వరం బాగా ఉండుండాలండి."

"దేంట్లో ఉంటుందమ్మా అంత?"

"ఎముకల్లో" అంది అఖిల మామూలుగా.

పలుగు మీద నుంచి యలమంద చెయ్యి జారింది.

సిలార్ తవ్వాడు. రెండడుగుల లోతున పక్కటెముక ఒకటి తెల్లగా తేలింది. మిరప వేళ్లు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. అఖిల వెనక్కి తగ్గింది.

యలమంద గుంట అంచున కూలబడ్డాడు. ఎముకను ఒక్కసారి చూసి, చేనికి అటు చివరనున్న తూర్పు గట్టు వైపు తల తిప్పాడు.

"అక్కడ కదన్నయ్యా నిన్ను పెట్టింది" అన్నాడు. "ఇక్కడికెట్టా వచ్చావు?"

కోటేశ్వరి అప్పుడు గట్టు దిగింది. గుంటలోకి చూడనైనా లేదు.

"అది మన ముసలి ఎద్దు, యలమందా. మీ అన్న కనపడకుండా పోయిన నెల, నువ్వు పర్చూరులో ఉన్నప్పుడు చచ్చింది. నేనే పాతించా" అంది. "సిలార్, పలుగు తీసుకుని తూర్పు గట్టుకు రా."