తెర మీద మొదటి పేరు

“హీరో ముందు తలుపు తోసుకుని దొర గడిలోకి వస్తాడు” అన్నాడు డైరెక్టరు రామచంద్రం.

హనుమండ్లు పెన్సిలు కింద పెట్టాడు.

“ముంగటి తలుపుకాడ రెండు కుక్కలుంటయి సారూ. మీ హీరో లోపలికి పోడు, దవఖానకు పోతడు.”

“మరెలా అంటారు?”

“ఎనుక చింతపండు దాచే కొట్టు ఉన్నది. దాని కిటికీకి ఒక ఊస లేదు. గక్కడికెల్లి వస్తే పురుగుకు సుత ఎరుకగాదు.”

“అద్భుతం. అలాగే గీయండి మీరు.”

ఆంధ్రా, తెలంగాణ ఒక్క రాష్ట్రంగా కలిసి మూడేళ్లయింది. ఆంధ్రా మాట మాట్లాడేవాళ్లంతా పెద్ద మనుషులేనని హనుమండ్లు నమ్మకం. పైగా పుట్టి నలభై అయిదేళ్లయినా ఆయన్ని “మీరు” అన్నవాడు లేడు. ఆ ఒక్క మాటకే సగం పడిపోయాడు.

నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీల వాడలో హనుమండ్లుది చెయ్యి తిరిగిన పని. ఊరి బయట కోటలాంటి దొర గడిలో దూలాలకూ తలుపులకూ పూలూ లతలూ వేసింది ఆయనే. మూడు నెలలు అక్కడే ఉన్నాడు. అందుకే మద్రాసు నుంచి దిగిన రామచంద్రం నేరుగా ఆయన ఇంటికే వచ్చాడు.

కథ గడిలోనే జరుగుతుందట. హీరో తల్లి పుస్తెలతాడు దొర సందూకు పెట్టెలో ఉంది. హీరో దాన్ని విడిపించుకు రావాలి. సినిమా తీసే ముందు సీను సీనుకూ బొమ్మ గీయించుకుంటే, తీరా ఆ రోజున ఎవరూ తడుముకోనక్కర్లేదట.

హనుమండ్లు ఒక్కటే అడిగాడు.

“తెర మీద నా పేరు పడుతదా?”

ముప్పై ఏళ్లుగా ఆయన బొమ్మలు హైదరాబాదు దాకా పోతున్నాయి. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఎవరు చేసినా అది నిర్మల్ బొమ్మే. అది తలుచుకుంటే ఆయనకు అన్నం సహించదు.

“మొదటి పేరు మీదే” అన్నాడు రామచంద్రం.

ఇక ఆగుతాడా? ప్రతి బొమ్మ కిందా సంతకం పెట్టాడు. అది చాలదని తండ్రి పేరు, వాడ పేరు, ఇంటి నంబరు కూడా రాశాడు. మద్రాసులో ఇంకో హనుమండ్లు ఉంటే ఎట్లా మరి.

కెమెరా ఆకాశం నుంచి చూసినట్టు గడి మొత్తం గీశాడు. దగ్గరికొచ్చి చూసినట్టు తాళం గీశాడు. ఇల్లు ఖాళీగా ఉండే సీను కావాలంటే, వసంత పంచమికి దొర ఇంటిల్లిపాదీ బండ్లు కట్టుకుని బాసర పోయే బొమ్మ వేశాడు. ఆ బొమ్మ రామచంద్రానికి మహా నచ్చింది.

చాయ్ హోటల్లో కాలు మీద కాలేసుకుని, సినిమా అంటే ఏమిటో సినిమాలు చూసేవాళ్లకే విడమరిచి చెప్పాడు హనుమండ్లు. పక్కింటి లచ్చయ్య కొయ్య చెక్కుతూ నవ్వితే, “బాయిల కప్పకు సముద్రం సంగతేం ఎరుక” అన్నాడు.

భార్య లస్మవ్వకు మాత్రం ఈ సినిమా ఎక్కలేదు.

“హీరోయిన్ లేదు, పాట లేదు, ఒక్కలు సుత ఏడ్వరు. గిదేం సినిమా?”

“పాటలు మద్రాసుల కలుపుతరే. నీకేం తెల్వదు, ఊకో.”

రామచంద్రం ఎనభై బొమ్మలూ కట్టగట్టుకుని పోయాడు. మనుషుల్నీ కెమెరానీ తీసుకుని పంచమికల్లా వస్తానన్నాడు.

పంచమి పోయిన మూడో రోజు నకాషీల వాడలోకి జీపు వచ్చింది. హనుమండ్లు కొత్త ధోతి కట్టి, రుమాలు చుట్టి, లచ్చయ్యకు వినబడేలా దగ్గి మరీ బయటికి వచ్చాడు.

జీపులోంచి పోలీసు అమీన్ దిగాడు. చేతిలో బొమ్మల కట్ట ఉంది. సినిమా వాళ్లకు బందోబస్తు కాబోలు అనుకున్నాడు హనుమండ్లు.

“షూటింగ్ ఎన్నడు సాబ్?”

“పంచమి నాడే అయిపోయింది.”

హనుమండ్లు ప్రాణం ఉసూరుమంది. ఒక్క మాట చెప్పలేదు, పిలవలేదు. ఏడుపు ఆపుకుంటూ అడిగాడు.

“మరి నా పేరు?”

“దొర సందూకు పలగ్గొట్టి పోయినోళ్లు గీ బొమ్మల కట్టను చింతపండు కొట్టుల పారేసి పోయిండ్రు, కేసుల మొదటి పేరు నీదే.”