అత్తగారికి అందిన కబురు

చర్చి ఆరాధనలో దేవుడు మా అత్తగారితో మాట్లాడతాడు. ఎక్కువగా నా గురించే. కూరలో ఉప్పు తగ్గించమంటాడు, కిటికీ తెరలు ఉతకమంటాడు. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఆ కబురు నాకు చేరవేస్తారు.

నాకు కడుపు పోయినప్పుడు మాత్రం దేవుణ్ణి మధ్యలోకి తీసుకురాలేదు. "పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కితే నిలుస్తుందా" అని సొంతంగానే అన్నారు. ఆ రోజే మిషను మీద దుప్పటి కప్పేశాను. ఆవిడతో అవసరానికి మించి మాట్లాడడం కూడా మానేశాను.

ఈ ఆదివారం చర్చిలో ఇద్దరం పక్కపక్కనే మోకరించాం. ఇంటికొచ్చాక ఆవిడ కబురేమీ చెప్పలేదు. నేరుగా వెళ్లి మిషను మీది దుప్పటి తీసి మడతపెట్టసాగారు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

ఉండబట్టలేక నేనే అడిగాను. "ఏమన్నాడత్తయ్యా దేవుడు?"

"నీకు క్షమాపణ చెప్పమన్నాడు."

"మరి?"

"ఆ మాట నా నోట రాదు ప్రభువా, నువ్వే చెప్పుకో అన్నాను. చెప్పాడా?"

ఆరాధనలో నాకెప్పుడూ ఏమీ వినిపించదు. మోకాళ్లు నొప్పిపెడతాయి, అంతే. అయినా "చెప్పాడు" అన్నాను.

"ఏమని?"

"తప్పు నీది కాదమ్మా అన్నాడు. అచ్చం మీ గొంతే."

ఆవిడ మిషను చక్రం మీది దుమ్ము అరచేత్తో తుడిచారు. తుడిచిన చోటే మళ్లీ తుడిచారు.

"నాకేమో క్షమాపణ చెప్పమని అప్పట్నుంచీ ప్రతి ఆదివారం నీ గొంతుతో అంటున్నాడు. దేవుడని ఎలా అనుకుంటాను?"