ఓదార్పు నడక

కనకరాజు కుక్కపిల్లగా తెచ్చి పెంచిన టైగర్, ముసలిదైపోయి ఒక తెల్లవారుజామున కన్నుమూసింది. ఆ సాయంత్రమే, నాచారం కంపెనీలో అతనితో పనిచేసే ఐలయ్య వచ్చి ఓదార్పు బాధ్యతంతా నెత్తిన వేసుకున్నాడు.

"ఏడ్వకు బావా. ఒక్కనివే కూసుంటే డిప్రెషన్ వస్తదంట, వీడియోల జెప్పిన్రు. లే, నడుద్దాం పా."

అప్పటినుంచి రోజూ ఇద్దరూ టైగర్ తిరిగిన దారినే ఉప్పల్ దాకా నడుస్తున్నారు. ఎదురైన ప్రతివాడినీ ఐలయ్య ఆపుతాడు.

"మా బావ కుక్క సచ్చిపోయింది. మనిషి మస్తు కుంగిపోయిండు. జర ఎవ్వరు ఏమనకుండ్రి."

అంతకుముందు కూడా ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు మాత్రం అందరూ కనకరాజును పిచ్చివాడిని చూసినట్టు జాలిగా చూస్తున్నారు. టీ కొట్టతను అడక్కుండానే చక్కెర ఎక్కువ వేస్తున్నాడు. ఐలయ్య మధ్యమధ్యలో ముక్కు చీదుకుని, తనకు దుమ్ము పడదంటాడు.

ఒకరోజు జోరున వాన. కనకరాజు గొడుగు తీస్తుంటే భార్య అడ్డం వచ్చింది.

"గీ వానల ఎటు పోతవు? నీ బాధ ఇంకా తగ్గలేదా?"

"నాది ఎప్పుడో తగ్గింది. ఐలయ్యకే తగ్గుతలేదు. నేను గూడ పోకపోతే వాన్ని ఓదార్చెటోళ్లు ఎవరున్నరే?"