కుక్కకు కాలనీ వీడ్కోలు

పార్కు గోడ పక్కన కుక్క కాళ్లు చాచి పడి ఉంది. దాని చుట్టూ సగం కాలనీ నిలబడి కళ్లొత్తుకుంటోంది. ఆ గుంపును చూసి వ్యాన్ డ్రైవరుకు నీరసం వచ్చింది.

వ్యాను వెనక తలుపు సరిగ్గా వేయని పాపానికి తెల్లారినప్పటి నుంచి వీధి వీధీ తిరుగుతున్నాడు. తీరా కుక్క దొరికేసరికి దానికి ఇంతమంది చుట్టాలు పుట్టుకొచ్చారు.

జేబులో ఫోను మోగింది. బావ. పనిలో పెట్టుకున్నదీ ఆయనే, పొద్దస్తమానం తిట్టేదీ ఆయనే.

"దొరికిందా?"

"దొరికింది బావా. జనం మధ్యలో ఉంది."

"జనంతో నీకేం పని? ఎత్తి వ్యాన్లో వేసుకుని రా. పోయిన నెల మేకను వానలో వదిలేశావు, ఊరుకున్నాను. ఇవాళ కుక్క లేకుండా వచ్చావంటే బామ్మర్దివని కూడా చూడను. అట్నుంచి అటే ఇంటికి పో."

బావ అన్నంత పనీ చేసే మనిషి. ఇప్పటికే రెండు ఉద్యోగాలు ఊడాయి. ఇదీ ఊడితే ఇంట్లో పెళ్లానికి ముఖం చూపించలేడు. డ్రైవరు మోచేతులతో దారి చేసుకుంటూ ముందుకు వెళ్లాడు.

"పిచ్చితల్లి! రోజూ పొద్దున్నే నా చేత్తో పాలు పోసేదాన్ని. గిన్నె చప్పుడుకే పరుగెత్తుకొచ్చేది" అని ముక్కు చీదింది చివరి ఇంటి పెద్దావిడ.

డ్రైవరు ఆవిడ ముఖంలోకి చూశాడు. పిల్లికి బిచ్చం పెట్టే వాలకం కనిపించలేదు.

"మీరు పాలే కదమ్మా పోసింది. మా ఇంట్లో కోడికూర వండితే దీనికి పెట్టాకే మాకు" అన్నాడు మందుల షాపాయన. "టైగర్ అని పిలిస్తే చాలు, గేటు దగ్గర ఉండేది."

"టైగరేంటి? దాని పేరు రాణి" అంది పెద్దావిడ.

కాసేపు మగో ఆడో తేలలేదు. ఎవరూ దగ్గరికి వెళ్లి చూడలేదు. పాలు పోసిన చేతులు, కూర పెట్టిన చేతులు అన్నీ ముక్కుల మీద రుమాళ్లు పట్టుకునే ఉన్నాయి.

"అప్పుడే వాసన కూడా వస్తోంది" అన్నారెవరో. అందరూ తలాడించారు. మందుల షాపాయన ఉన్న చోటి నుంచే మెడ సాచి చూసి "గుండెపోటు" అని తేల్చేశాడు. మందులమ్మే మనిషి మాటను కాదనేదెవరు?

ఇంతలో కాలనీ ప్రెసిడెంటు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, దానికి తగ్గ దిగులు. వెనకే కోడలు, ఆమె చేతిలో ఫోను. ఫోను ఇటు తిరిగాకే మామగారి కళ్లు చెమర్చాయి.

"మొన్న మా ఇంట్లో దొంగ పడబోయాడు. ఈ మూగజీవి అరిచి తరిమికొట్టింది. దీని రుణం తీర్చుకోవాలి. ఇక్కడే, ఈ పార్కులోనే పూడ్చి ఒక రాయి పెట్టిద్దాం" అన్నాడాయన.

పార్కులోనా? డ్రైవరు గబుక్కున అడ్డం వచ్చాడు.

"అయ్యా, అదీ... ఆ కుక్క మాదండీ. నాకిచ్చేస్తే తీసుకెళ్తాను."

అంతే, అందరూ మీద పడ్డారు.

"నీదైతే దిక్కూమొక్కూ లేకుండా వీధిలో ఎందుకు పడుంది?"

"తోలు ఒలిచి అమ్ముకుందామనేగా!"

"అది కాదండీ, నేను చెప్పేది కాస్త..."

"ఇంకొక్క మాట మాట్లాడావంటే పోలీసుల్ని పిలుస్తా. చచ్చాకైనా దాన్ని గౌరవంగా పోనివ్వు" అన్నాడు ప్రెసిడెంటు, ఫోను వైపు చూస్తూనే. మందుల షాపాయన చెయ్యి డ్రైవరు కాలరు దాకా వచ్చింది.

డ్రైవరు వెనక్కి తగ్గి చెట్టుకు ఆనుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదు. కానివ్వండి, మీ ప్రేమలు ఎంత లోతో గొయ్యీ అంతే లోతుంటుంది అనుకున్నాడు.

తోటమాలిని పిలిపించారు. అతను గబగబా నాలుగు పారల మట్టి తీసి, పెద్దావిడ ఇచ్చిన చిరుగుల కర్టెన్ పరిచి, ముఖం పక్కకు తిప్పుకుని పారతో కుక్కను దాని మీదకు నెట్టాడు.

"బరువే లేదు పాపం. ఎన్నాళ్లయిందో తిండి తిని" అన్నాడు.

పెద్దావిడ, మందుల షాపాయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు నవ్వాపుకోలేక దగ్గాడు.

మౌనం పాటించారు. అందరూ తలలు వంచిన సమయంలో ఎక్కడి నుంచో ఒక బక్క కుక్క కుంటుకుంటూ వచ్చింది. కర్టెన్ మీద పడి ఉన్నదాన్ని ఒకసారి వాసన చూసి, లెక్కచేయకుండా మనుషుల వైపు తిరిగి తోకాడించింది.

"ఛీ, పో!" అని పెద్దావిడ రాయి విసిరింది. ప్రెసిడెంటు తల ఎత్తకుండానే బూటుకాలితో దాని డొక్కలో ఒక్కటిచ్చాడు. అది కుయ్యోమంటూ గోడ సందులోకి దూరింది. కోడలు వీడియో ఆపి, ఆ ముక్క తీసేసి, మళ్లీ మొదలుపెట్టింది.

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. ఆ బూటుకాలిని విరిచేయాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటూ ఊరుకున్నాడు.

మట్టి కప్పారు. పూలు చల్లారు. వీడియో బాగా వచ్చిందో లేదో చూసుకున్నారు. పెద్దావిడ పాలు కాచుకోవడానికి, మందుల షాపాయన షట్టరు ఎత్తడానికి, ప్రెసిడెంటు టిఫినుకి ఎవరి దారిన వాళ్లు పోయారు. తోటమాలి టీ తాగడానికి గేటు దాటాడు.

డ్రైవరు అటూ ఇటూ చూసి, పార అందుకున్నాడు. పెద్దగా తవ్వాల్సిన పని పడలేదు. కుక్కను పైకి లాగి, మట్టి దులిపి, వ్యాన్లోకి చేర్చి, ఈసారి తలుపు గట్టిగా వేశాడు. అప్పుడు ఫోను తీశాడు.

"దొరికింది బావా. బయల్దేరాను."

"హమ్మయ్య! దెబ్బలేం తగల్లేదు కదా?"

"తోక ఊడిందంతే బావా, కాస్త జిగురు పెట్టి అతికించామంటే ఇది స్పాంజి కుక్క అని షూటింగులో కెమెరాకి కూడా తెలీదు."