కూజా మీద మూత

ఆ పాత మట్టికూజా ఒక మ్యూజియంలో ఉంది, మూత మరో ఊరి మ్యూజియంలో ఉంది. "నీది నాకిచ్చెయ్" అంటూ ఇద్దరు క్యూరేటర్లూ ఏటా ప్రాంతీయ సదస్సులో కీచులాడుకునేవారు.

ఈసారి మ్యూజియాల శాఖ డైరెక్టర్‌గారు తగువు తేల్చేశారు. "మూత సరిపోతే రెండూ రాజధాని మ్యూజియానికి పట్టుకుపోతాను. సరిపోకపోతే ఎవరిది వాళ్లదే."

మూత క్యూరేటరమ్మ చేతితొడుగులు వేసుకుని, సభ ముందు కూజా మీద మూత పెట్టింది. అది పక్కకు ఒరిగింది.

"కుదరట్లేదండీ," అంది.

"ససేమిరా కుదరదు సార్!" అన్నాడు కూజా క్యూరేటర్.

డైరెక్టర్ ఉసూరుమంటూ భోజనానికి వెళ్లారు. ఇద్దరూ ఎవరి వస్తువును వాళ్లు దూదిలో చుట్టి పెట్టెల్లో సర్దుకున్నారు.

"అక్కా, కాస్త ఎడమకు తిప్పుంటే టక్కున కూర్చునేది కదూ?" అని అతను గుసగుసలాడాడు.

"నోర్మూసుకుని పెట్టె మూయి తమ్ముడూ. మిగతా పోట్లాట వచ్చే ఏడు చూసుకుందాం."